మెట్లు లేని పైగది

జూన్ 4

అక్కకు,

నీ ఇంటి గుమ్మంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేయవచ్చు గదా అంటావు. నిన్న చేసినప్పుడు బావ అక్కగారు, అదే మీ వదినగారు, స్పీకర్ పెట్టించి, మన మాటల మధ్యలో దగ్గుతూ కూర్చున్నారు. ఇంటి సంగతులు ఆవిడ దగ్గుల సందుల్లో ఇరికించి చెప్పడం నా వల్ల కాదు.

బీమా కంపెనీ సర్వేయరు ఈ ఉదయం వచ్చాడు. పట్టపగలు కూడా టార్చిలైటు వేసి చూసే మనిషి. డాబా మీది నీళ్ల ట్యాంకు పగిలిందనీ, ఆ నీరంతా పైగదిలో పడి, చెక్కమెట్ల మీదుగా నీ కుట్టుమిషన్ల హాల్లోకి దిగిందనీ వివరంగా చెప్పి, చూపిద్దామని తలుపు తీశాను. లోపల తుడిచిన నేల కనబడింది. ఉతికి ఆరేసి, అంచుకు అంచు కలిపి మడిచిన దుప్పట్లు కనబడ్డాయి. మిషన్లు వరుసగా నిలబడి, నెత్తిన గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. నిన్ను వదినగారి ఊరికి బస్సెక్కించేదాకా ఏ వస్తువునూ ముట్టుకోవద్దని చెప్పాను. నేను వేరే ఇంటి పనిలో చిక్కుకున్న ఆ నాలుగు రోజుల్లో నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు. ఆయన ఇల్లంతా టార్చి తిప్పి, తన కాగితం మీద "ఇల్లు పరిశుభ్రంగా ఉన్నది" అని రాసుకున్నాడు.

తడిసిన ఇళ్లనూ కాలిన ఇళ్లనూ బాగుచేయడమే నా వృత్తి. మసి పట్టిన ఇళ్లు చూశాను, బూజు పట్టిన ఇళ్లు చూశాను. జరిగిన నష్టాన్ని మడతపెట్టి బీరువాలో సర్దిన ఇల్లు మాత్రం ఇదే చూడటం.

అయినా అంతా పోలేదు. మెట్ల చెక్క ఉబ్బి, అతుకులు విడిపోయి, ఇక దేనికీ పనికిరాదన్నది ఆయన కళ్లారా చూశాడు. మెట్ల పక్క గోడ లోపల ఇంకా తడి ఉన్నదనీ ఒప్పుకున్నాడు. కంపెనీ నియమం ఒక్కటే: నీళ్లు రాకముందు ఇల్లు ఏ స్థితిలో ఉండేదో ఆ స్థితికి తేవడానికి మాత్రమే సొమ్ము ఇస్తారు. అందుచేత ఇంటి యజమానివి గనుక నువ్వు వాళ్లకొక ఉత్తరం రాయాలి. మెట్లు ఎలా ఉండేవి, గోడ ఎలా ఉండేది. గొప్పలు వద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ తమ్ముడు

జూన్ 9

తమ్ముడికి,

ఇక్కడ అందరూ బాగున్నారు. అంటే వదిన బాగుంది, నేను ఉన్నాను.

ఇల్లు తుడిచానని సణుగుతావేమిట్రా? ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లోకి వస్తుంటే తడి లంగాలు మెట్ల మీద పరిచిపెట్టి రమ్మంటావా? ఆయన పరిశుభ్రంగా ఉందని రాసుకున్నాడంటే నాకు సంతోషంగానే ఉంది. ఆ ఇంటికి పెళ్లయి వచ్చాక కాగితం మీద నన్ను ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదలు.

అసలు సంగతి విను. వదిన ఏదో సొంత ఇల్లు అమ్ముతున్నట్టు నా ఇంటికి బేరం తెచ్చింది. ఎవరో పెద్దమనిషి ఉన్నాడట, తడిసింది తడిసినట్టే కొనుక్కుంటాడట, ఈ నెల దాటాక ఇంకో నెల మాత్రం ఆగుతాడట. నేను సంతకం పెట్టేసి ఇక్కడే, ఆవిడ పక్క గదిలో, ఉండిపోవాలట. మంచిదే ఆవిడ. రాత్రి నేను నవల తెరవగానే కళ్లు పాడవుతాయని లైటు తీసేస్తుంది. నేను అన్నం తినడం ఆపగానే ఇంకో గరిటె వేస్తుంది. నేను ఏ కిటికీ తెరిస్తే ఆ కిటికీ మూస్తుంది. ఈ ప్రేమ ఇంకో ఏడాది భరిస్తే నన్ను కూడా మడిచి బీరువాలో పెట్టాలి. కుట్టు నేర్చుకునే పిల్లలు నా కోసం అక్కడ ఎదురుచూస్తుంటారు. నాకు నా ఇల్లు కావాలి, అంతే.

నువ్వు చెప్పినట్టే కంపెనీకి రాశాను. ఒక్క ముక్క దాచలేదు. మీ బావ ఆ మెట్లు తన చేత్తో కట్టాడనీ, కొలత తీసుకోమంటే తనకు కంటిచూపు చాలన్నాడనీ, అందుకే మొదటి మెట్టు మోకాలి దాకా వస్తుందనీ, ఐదోది పాదం సగమే పడుతుందనీ, పట్టుకోవడానికి కమ్మీ లేదనీ రాశాను. గోడకు కూడా వానాకాలం వస్తే గిన్నె మూతంత చెమ్మ కనబడుతుందని రాశాను. మీ బావ ఉంటే చదివి నాతో మాట్లాడేవాడు కాదు. వదిన మాత్రం చదివి, చాలా బాగా రాశావని మెచ్చుకుంది.

అక్క

జూన్ 17

అక్కకు,

మీ వదినగారు ఎందుకు మెచ్చుకున్నారో నాకు కంపెనీ జవాబు చదివాక బోధపడింది.

ఉన్నది ఉన్నట్టు అంటే, ఇల్లు ఎలా ఉండేదో అలా అని నా ఉద్దేశం. నువ్వు మనసులో ఉన్నదంతా కక్కమన్నాననుకున్నావు. భాష మనకు అన్యాయం చేసింది. తప్పు సగం నాది. పనివాళ్లకు చెప్పేటప్పుడు ఇలాంటి మాట నేను వాడను, ఇంతెత్తు ఇంత వెడల్పు అని చెబుతాను.

కంపెనీవారు ఇలా అంటున్నారు. గోడలో చెమ్మ ముందునుంచీ ఉన్నదని యజమానే రాశారు. మెల్లగా ఊరే తడికి బీమా వర్తించదు, పగిలిన ట్యాంకు నీటికే వర్తిస్తుంది. కనుక గోడకు సొమ్ము లేదు. మెట్ల విషయంలో యజమాని ఎంతో వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. సరిగ్గా ఆ వివరాల ప్రకారం, మొదటి మెట్టు ఎత్తు, ఐదో మెట్టు ఇరుకు, కమ్మీ లేకుండా, తిరిగి కడితే సొమ్ము ఇస్తారు.

సరే, వంకరగానే కడదామని అనుమతి కోసం మునిసిపాలిటీకి వెళ్లాను. అక్కడి ఇన్‌స్పెక్టరు జేబులోంచి టేపు తీయకుండా మాట్లాడలేడు. నేను చెబుతున్నంతసేపూ టేపు లాగి వదులుతూ, లాగి వదులుతూ విన్నాడు. పాత మెట్లు పూర్తిగా పోయాయి గనుక కట్టబోయేవి కొత్త మెట్ల కిందే లెక్క అన్నాడు. కొత్త మెట్లన్నీ ఒకే ఎత్తున ఉండాలి, వెడల్పు పెరగాలి, కమ్మీ ఉండాలి. బావ కట్టినట్టు కడితే అది చట్టవిరుద్ధం. సమానంగా కడితే, కంపెనీ దృష్టిలో అది ఇంటిని మెరుగుపరచడం. మెరుగుకు వాళ్లు పైసా ఇవ్వరు. ఇల్లు నివాసానికి పనికొస్తుందని మునిసిపాలిటీ పత్రం ఇస్తేనే కంపెనీ సొమ్ము కదులుతుంది. మెట్లు ఉంటేనే మునిసిపాలిటీ పత్రం కదులుతుంది. సొమ్ము కదిలితేనే మెట్లు వస్తాయి. పత్రం లేకుండా నువ్వు ఇంట్లో అడుగుపెట్టడానికి కూడా వీల్లేదు.

నేను ఒక దారి వెతుకుతాను. ఈలోగా దయచేసి ఎవరికీ ఏమీ రాయవద్దు.

నీ తమ్ముడు

జూన్ 22

తమ్ముడికి,

నీ ఉత్తరం వదిన నాకంటే ముందు విప్పింది. కవరు అంటుకోలేదట. అందులో "బావ కట్టినట్టు కడితే చట్టవిరుద్ధం" అన్న ముక్క దగ్గర ఆగిపోయింది. పోయిన తన తమ్ముణ్ణి నువ్వు నేరస్థుణ్ణి చేశావని పొద్దుటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం వేస్తోంది, కాకపోతే గరిటె చప్పుడు ఎక్కువైంది. ఆ టేపు మనిషి పేరు చెప్పమంటోంది, తనే వెళ్లి అడుగుతుందట. పొరపాటున కూడా చెప్పకు. చెబితే మెట్లు కాదు, ఆ ఆఫీసే ఉండదు.

ఎవరికీ రాయవద్దన్నావు. ఆ మాట వచ్చేసరికి ఆలస్యమైంది. కంపెనీ వాళ్లు గోడ సంగతి నాకూ ఒక కాపీ పంపారు. చదివి ఒళ్లు మండి అప్పుడే జవాబు పోస్టు చేశాను. ఏం రాశానంటే, అయ్యా, మా ఇంటి చెమ్మను నేను చాలా ఏళ్లుగా ఎరుగుదును, అది నెమ్మదస్తురాలు, ఉన్నచోట కూర్చుంటుంది, కదలదు. మొన్న వచ్చింది మెట్లు దిగి వచ్చింది. నా దారపు ఉండలను వీధి గుమ్మం దాకా తోసుకుపోయింది. చెమ్మకు కాళ్లుంటాయని మీ కంపెనీ అంటే నేను ఒప్పుకుంటాను, ఆ మాట మీరే సంతకం పెట్టి పంపండి, అని.

నువ్వు మళ్లీ తల పట్టుకుంటావని తెలుసు. పట్టుకో. చిన్నప్పుడు నిన్ను కొలబద్ద అని పిలిచేవాళ్లం, గుర్తుందా? అరటిపండు పంచమంటే స్కేలు తెచ్చేవాడివి. కొలబద్దలకు కోపం రాదురా. నాకు వస్తుంది.

కొనేవాడు కబురు మీద కబురు పంపుతున్నాడట. వదిన చెబుతోంది.

అక్క

జూలై 1

అక్కకు,

నీ ఉత్తరం పని చేసింది. ఎలా చేసిందో నేను నా వృత్తిపరమైన జ్ఞానంతో వివరించలేను. సర్వేయరు మళ్లీ వచ్చి, కాసేపు గోడను చూసి, కాసేపు నన్ను చూసి, ఆ ఉత్తరం రాసినావిడ వయసెంత అని అడిగి, గోడకు సొమ్ము మంజూరు చేశాడు. అయితే పాత చెమ్మ ఉన్న మేరకు మినహాయించాలట. జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద గిన్నె మూతంత సున్నా చుట్టాడు. సున్నా బయట నేను కొత్త ప్లాస్టరింగ్ చేయాలి, సున్నా లోపల చేయకూడదు. చేస్తే మెరుగుపరచినట్టు. లోపలిది నా చేతి ఖర్చుతో చేస్తానన్నాను. అలాగైతే మీరు ఉచితంగా చేశారని కాగితం రాసివ్వండి అన్నాడు. రాసిచ్చాను. ఒక సున్నాకు దానపత్రం రాయడం నా జీవితంలో ఇదే ప్రథమం.

మెట్ల సంగతి తేల్చుకుందామని అదే రోజు ఇన్‌స్పెక్టరును కూడా రప్పించాను. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే ఏదో ఒక మాట మీదికి వస్తారని నా ఆలోచన. వాళ్లు మెట్లు ఉండే చోటికి చెరో పక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, నాతోనే మాట్లాడారు.

"మొదటి మెట్టు ఎత్తు తగ్గించాలని వారికి చెప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తగ్గించుకోవచ్చు, మా కంపెనీకి సంబంధం లేదని వారికి చెప్పండి" అన్నాడు సర్వేయరు.

"మనుషులు పడతారని చెప్పండి."

"ఇంతకుముందు పడ్డట్టు రుజువు లేదని చెప్పండి."

నేను ఇటు తిరిగి అటు చెప్పి, అటు తిరిగి ఇటు చెప్పి, ఆఖరుకు ఎవరి మాట ఎవరికి చెబుతున్నానో మరిచిపోయి, ఇన్‌స్పెక్టరు మాటను ఇన్‌స్పెక్టరుకే చెప్పాను. ఆయన అది కంపెనీ మాట అనుకుని గట్టిగా ఖండించాడు.

మెట్లకు మూడు రకాల నమూనాలు గీసి చూపించాను. మూడింటినీ ఇద్దరూ తిరస్కరించారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకు ఏకాభిప్రాయం. సొంత సొమ్ముతో కట్టిస్తానన్నా, ఇంటి నమూనా మారుతుంది గనుక గోడ సొమ్ము కూడా ఆపుతామన్నారు కంపెనీవారు.

గడువు దగ్గర పడుతున్నది. ఇంటి విషయంలో ఇక నీ ఇష్టం.

నీ తమ్ముడు

జూలై 5

తమ్ముడికి,

నీ ఇష్టం అని రాశావు. ఇంత పొడుగు ఉత్తరంలో ఆ రెండు మాటలే నా కళ్లకు కనబడ్డాయి. నువ్వు చేతులెత్తేసినట్టేగా? నోటితో అమ్మెయ్ అనడానికి మొహమాటం, అందుకని ఇష్టం అన్నావు. వదిన కూడా అదే అంది, "మీ తమ్ముడు మర్యాదస్తుడు, సూటిగా చెప్పలేక అలా రాశాడు" అని. ఆవిడ నిన్ను మెచ్చుకుంటే నాకు భయం వేస్తోంది.

కొనే పెద్దమనిషిని ఒకసారి చూపించమన్నాను. ఊళ్లో లేడంది. ఫోన్ నంబరిమ్మన్నాను. ఆయన ఫోన్ మాట్లాడడట. ఇంటికి అంత తొందరపడేవాడు ఇల్లు చూడటానికి కూడా రాడేమిటి అంటే, నమ్మకస్తుడు అంది. అయినా సంతకం కాగితాలు సిద్ధం చేయిస్తానంటోంది. కుట్టు నేర్చుకునే పిల్లల్లో ఇద్దరు వేరే చోట చేరారని కబురొచ్చింది.

ఒక మాట చెబుతున్నా, రాసుకో. నాకు ఆ మెట్లు వద్దు. వంకరవీ వద్దు, సమానమైనవీ వద్దు. ఉన్న చెక్కముక్కలు కూడా పీకి పారెయ్. పైగదికి దారి లేకపోతే పోయింది, నేను కింద మిషన్ల మధ్య చాప వేసుకుని పడుకుంటాను. మెట్లే లేకపోతే ఆ ఇద్దరూ దేని గురించి కొట్టుకుంటారో చూస్తాను. ఇదే నా ఇష్టం.

నీ మీద కోపం లేదు. ఉంది, కొంచెం.

అక్క

జూలై 14

అక్కకు,

"నీ ఇష్టం" అని నేను రాసింది చేతులెత్తేసి కాదు. నీ ఇంటి మీద నిర్ణయం నేను తీసుకోకూడదని, మర్యాద కోసం రాశాను. ఇకమీదట నీతో మర్యాదగా ఉండను.

నువ్వు కోపంలో రాసిన మాటను నేను మొదట కోపంగానే చదివాను. రెండోసారి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాను. మర్నాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లి, అసలు మెట్లు కట్టకపోతే మీ నిబంధన ఏమంటుందని అడిగాను. ఆయన చేతిలో టేపు ఆగిపోయింది. లావుపాటి పుస్తకం తెచ్చుకుని, వేలు తడి చేసుకుంటూ వెతికి, మెట్లు లేని పైగది గది కాదన్నాడు. మరేమిటన్నాను. అటక అన్నాడు.

అటకకు మెట్ల నిబంధన లేదు. కమ్మీ నిబంధన లేదు. నిచ్చెన వేసుకుని ఎక్కవచ్చు. ఆ నిచ్చెన గోడకు గానీ నేలకు గానీ మేకులతో బిగించకూడదు. బిగిస్తే అది మెట్లయిపోతుంది.

సర్వేయరు దగ్గరికి వెళ్లాను. కట్టని మెట్లను మెరుగుపరచడం ఎలా సాధ్యమని అడిగాను. ఆయన టార్చి బల్ల మీద పెట్టాడు. కట్టనిదాన్ని మెరుగుపరచలేరు అని ఒప్పుకుని, పోయిన మెట్ల విలువ మాత్రం లెక్కగట్టి, మునిసిపాలిటీ పత్రం రాగానే గోడ సొమ్ముతో పాటు ఇచ్చేలా రాసి, ఫైలు మూసేశాడు. నేను వెళ్లబోతుంటే, ఇంతకీ ఈ ఆలోచన ఎవరిదన్నాడు. చెప్పాను. చెమ్మ ఆవిడేనా అన్నాడు.

నిచ్చెన నేనే చేశాను. పేరుకు నిచ్చెన. పలకలు పాదం పూర్తిగా ఆనేటంత వెడల్పు, రెండు పక్కలా చేతికి పట్టు, పైన కొక్కేలు, కింద జారకుండా రబ్బరు. నువ్వు బుట్ట పట్టుకుని కూడా ఎక్కగలవు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి దాన్ని అనుమానంగా చూశాడు. ఇది మెట్లలా ఉందే అన్నాడు. కదిపి చూడండి అన్నాను. తనే ఎత్తి, రెండడుగులు పక్కకు జరిపి, ఆయాసపడి, "నిచ్చెనే" అన్నాడు. తర్వాత పైకెక్కాడు. అక్కడ మంచం ఉంది, పరుపుంది, ఉతికిన దుప్పటి ఉంది. దుప్పటి నువ్వు మడిచిందే. అటకలో మంచం ఎందుకన్నాడు. పాత సామాను అన్నాను. ఆయన పరుపు మీద అరచేయి ఆన్చి ఒకసారి నొక్కి, పాత సామాను అటకలో పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని రాసి, పత్రం మీద ముద్ర వేశాడు.

కాబట్టి, నీ ఇంటికి ఇప్పుడు పైగది లేదు. వెళ్లి పడుకో.

గోడ మీద సుద్ద సున్నా చెరిపేశాను. సంతకాలేవీ పెట్టకుండా వెంటనే బయలుదేరు.

నీ తమ్ముడు

జూలై 26

తమ్ముడికి,

ఈ ఉత్తరం నా బల్ల మీద, నా కిటికీ తెరుచుకుని రాస్తున్నాను. పక్కనే మిషన్లు మోగుతున్నాయి. వేరే చోట చేరిన పిల్లలిద్దరూ తిరిగి వచ్చారు, అక్కడి ఆవిడకు కాజాలు కుట్టడం రాదట.

నేను వెంటనే ఎందుకు రాయలేదో చెప్పాలి. బయలుదేరిన రోజు వదిన నా సంచీ తనే సర్దింది. మడతలు నాకు నచ్చలేదు. బస్సు కదిలేముందు ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. కొనేవాడికి ఏం చెప్పమంటావు వదినా అని నేను అడిగితే, ఎటో చూస్తూ, "చెప్పడానికి ఎవడైనా ఉంటేగా" అంది. నాకు ముందు అర్థం కాలేదు. "పక్క గదిలో ఒక మనిషి మసులుతుంటే బాగుంది. ఉండిపొమ్మంటే ఉంటావా నువ్వు? అందుకని తెచ్చాను ఆ బేరం." అంతలో బస్సు కదిలింది.

సగం దారి దాకా ఒళ్లు మండిపోయింది. నెలకు పైగా నన్ను లేని మనిషితో భయపెట్టింది చూడు. మిగతా సగం దారిలో, ఆ లైటు తీసేయడాలూ గరిటెలూ గుర్తుకొచ్చి, బస్సు దిగగానే ఫోన్ చేశాను. వచ్చి వారం రోజులు ఉండి పో వదినా అన్నాను. స్పీకర్ పెట్టలేదు ఆవిడ.

వచ్చింది. వారానికని వచ్చిన మనిషి ట్రంకుపెట్టె తెచ్చింది. రాగానే నిచ్చెన చూసి, అటకెక్కడానికి నేనేమైనా పాత గంగాళాన్నా అంది. కింద మంచం వేయించుకుంది. పొద్దున్నే పిల్లల పక్కన కూర్చుని, అంచులు వంకరపోతున్నాయని వాళ్ల ప్రాణాలు తీస్తోంది. ఆవిడకు కుట్టు రాదు, అయినా వంకర కనిపెడుతుంది. పిల్లలకు ఆవిడంటే నాకంటే భయం, అందుకని పని బాగా సాగుతోంది.

నిన్న నేను దారాలు కొనడానికి బజారుకు వెళ్లి వచ్చేసరికి కింద ఆవిడ లేదు. పిల్లలు నవ్వాపుకుంటూ పైకి చూపించారు. ఎక్కి చూస్తే, నా మంచం మీద దిండుకు ఆనుకుని, నా నవల చదువుకుంటోంది. పైన గాలి బాగుందట, ఇంత మంచి గదిని అటక అని రాసినవాడికి కళ్లు లేవట. దిగు వదినా, కాఫీ తాగుదాం అన్నాను. వచ్చి నిచ్చెన పట్టుకుని కిందికి చూసి, మళ్లీ వెళ్లి కూర్చుంది. ఎక్కడమైతే ఎక్కిందట, దిగడం తన వల్ల కాదట. సరైన మెట్లు కట్టించేదాకా అక్కడి నుంచి కదలదట. కాఫీ పైకే పంపాను. రాత్రి నేను కింద పడుకున్నాను. పైన లైటు చాలాసేపు వెలుగుతూనే ఉంది.

ఆవిణ్ణి దింపడానికి నిన్ను వెంటనే బయలుదేరి రమ్మని రాయమంది. రాశాను. నువ్వు మాత్రం తొందరపడకు.

అక్క